పరీక్షయు పరిచర్యయు

వేసవి వచ్చినంతనే మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నొక దృశ్యము కనబడుచుండును. అరుగుమీద తల్లి యొడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండును. ఆ ప్రక్కనే కూతురు జీవశాస్త్రపు పుస్తకమును మోకాళ్లపై నుంచుకొని హృదయమందలి కవాటముల పేర్లు వల్లించుచుండును. సిరిసిల్లలో నైనచో ప్రక్కవీధి సాంచెల చప్పుడులో నా వల్లెవేత సగము వినబడదు. తండ్రి చాల యిండ్లలో నుండడు. దుబాయిలోనో, మస్కటులోనో, భీవండిలోనో యుండును. ఇట్లు చదువుచున్న బాలిక లందరును వైద్యులు కాగోరువారు గారు. వారిలో పలువురు నర్సింగు కళాశాలలో జేరగోరువారు.

ఈ చదువు నేడు మాకు చేరువకు వచ్చినది. 2016లో జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు వేరు జిల్లాలైనవి. 2021లో సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగు కళాశాల ప్రారంభమైనది. 2022లో జగిత్యాలయందును, 2023లో సిరిసిల్లయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. అయినను కళాశాల దగ్గరయైనంత మాత్రమున ప్రవేశము సులభమైనదని చెప్పరాదు. నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు చదువునకు ఎప్‌సెట్ అను ప్రవేశపరీక్ష వ్రాయవలయును. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము అను నాలుగింట 40 చొప్పున 160 ప్రశ్నలు. కాలము 3 గంటలు. లెక్కవేసి చూచినచో నొక ప్రశ్నకు 67, 68 సెకండ్లకు మించి యవకాశము లేదు. వచ్చిన ర్యాంకును బట్టి వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయమువారు సీట్లు పంచుదురు.

ఈ పరీక్షను గూర్చి నాకొక ధర్మసందేహము కలిగినది. అది పుస్తకములో పుట్టిన సందేహము గాదు. నా నోటి మాటవలన పుట్టినది గావున దానిని దాచక చెప్పెదను.

మా బడిలో పదవ తరగతివరకు చదివిన యొక బాలిక ఇంటరు ముగించి యీ పరీక్షకు సిద్ధపడుచు, ఆంగ్లమందలి శాస్త్రపదముల యర్థము తెలిసికొనుటకై సాయంకాలములు నాయొద్దకు వచ్చుచుండెను. పరీక్ష యింక పది దినములున్నదనగా వరుసగా రెండు దినములు రాలేదు. మూడవనాడు నేనే వారి యింటికి బోతిని. ఆమె బాపమ్మకు పక్షవాతము వచ్చి కుడిభాగము పడిపోయినది. బాలిక యా వృద్ధురాలిని మెల్లగా ప్రక్కకు త్రిప్పి, వీపు తుడిచి, క్రింది దుప్పటి మార్చుచుండెను. ఒకే ప్రక్కన పడియున్నచో చర్మము చెడి పుండ్లు పడునని ఆసుపత్రిలో నెవరో చెప్పగా విని, రాత్రులు గూడ రెండేసి గంటల కొకసారి లేచుచున్నదట. పుస్తకము గూటిలో నున్నది.

నేను జాలిపడుటకు మారుగా విసుగుకొంటిని. "ఈ పది దినములు ఇది నీ పని గాదమ్మా. ముందు చదువుకొనుము. సీటు వచ్చిన పిమ్మట నెందరికైన సేవ చేయవచ్చును" అంటిని. ఆ బాలిక తల వంచుకొని, "సార్, బాపమ్మను గిట్ల ఇడిసిపెట్టి నర్సు సదువు ఎట్ల సదువాలె?" అనినది. నేను బదులు చెప్పలేకపోతిని. ఇంటికి మరలి వచ్చుచుండగా నా మాటలోని వైపరీత్యము నాకే తెలిసినది. పరిచారిక యగుటకై పరిచర్య మానుమని నేనామెకు బోధించితిని!

ఈ విషయము మిత్రులతో ప్రస్తావింపగా రెండు విధముల యభిప్రాయములు వినవచ్చినవి.

మొదటివారు, "సేవకు పరీక్ష యేల? దయ యున్న చాలదా? ఆ బాలికకు పరీక్ష లేకయే సీటు ఇయ్యవలసినది" అనిరి. ఇది వినుటకు సొంపుగా నుండునే కాని విచారించినచో నిలువదు. మన ప్రాచీనులే దీని నంగీకరింపలేదు. చరకసంహిత సూత్రస్థానమందు తొమ్మిదవ యధ్యాయము చికిత్సకు నాలుగు పాదములని చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకునకు మరల నాలుగు గుణములు విధించినది: ఉపచారము నెరిగియుండుట, దక్షత, అనురాగము, శౌచము. అనురాగము మూడవది, ఎరుక మొదటిది. ఈ క్రమము నూరక కూర్చినదైనను గాకున్నను, నాలుగింటిలో నేదియు లేకున్న పాదము కుంటిదగుననుట స్పష్టము.

దయ యుండి యెరుక లేనిచో నేమగునో యొక చరిత్ర చెప్పుచున్నది. వియన్నా నగరపు ప్రసూతివైద్యశాలలో రెండు విభాగము లుండెను. వైద్యులును విద్యార్థులును పనిచేయు మొదటి విభాగమున బాలెంతలు సూతికాజ్వరముచే మరణించుట, మంత్రసానులు పనిచేయు రెండవ విభాగముకంటె మిక్కిలి హెచ్చుగా నుండెను. 1847లో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు దీనికి కారణము వెదకి, శవపరీక్షలు చేసిన చేతులతోనే వచ్చి ప్రసవములు చేయుట యని గుర్తించి, క్లోరినుసున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని కట్టుబాటు చేసెను. మరణములు తగ్గిపోయినవి. అంతకుముందు చేతులు కడుగుకొననివారు క్రూరులా? కారు. వారికి తెలియలేదు, అంతియే. తెలియకపోవుటచేతనే తల్లులు మరణించిరి.

మరి యొక చిన్న లెక్క చూడుడు. ఒక పానకపు మందులో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల యౌషధ మున్నది. బిడ్డకు 125 మిల్లీగ్రాములు ఇయ్యుమని వైద్యుడు వ్రాసెను. ఇయ్యవలసినది 2.5 మిల్లీలీటర్లు. దశాంశబిందువు తప్పి 25 అని తలచినచో బిడ్డకు పదిరెట్లు మందు పోవును. బిడ్డమీది ప్రేమ యా బిందువును సరిదిద్దజాలదు. ఫ్లారెన్సు నైటింగేలు 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి వైద్యశాలలో రాత్రులు దీపము బట్టి తిరిగెనని మన పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. సైనికులు గాయములకంటె రోగములచేతనే యెక్కువగా మరణించుచున్నారని యామె లెక్కలు గట్టి, పటములు గీసి పాలకులకు జూపినదని మాత్రము మన పిల్లలకు చెప్పుట యరుదు. 1860లో లండనునందు సెయింటు థామసు వైద్యశాలలో నర్సుల శిక్షణాలయము ఆమె పేర స్థాపింపబడినది. దయ చాలునని యామె తలచియున్నచో నా శిక్షణాలయముతో పనియే లేదు. కావున రసాయనశాస్త్రము చదువు బాలిక సేవకు దూరముగా బోవుచున్నదని తలపరాదు. ఆ చదువును సేవలో నొక భాగమే.

రెండవవారు, "పరీక్ష యున్నది, ర్యాంకు వచ్చినవారు యోగ్యులు, రానివారు అయోగ్యులు, ఇందులో విచారింప నేమున్నది?" అనిరి. ఇదియును నిలువదు. చరకుడు చెప్పిన నాలుగు గుణములలో నీ పరీక్ష తాకునది మొదటిదానిలో నొక తునకను మాత్రమే. దక్షత చేతిలో నుండును. శౌచము అలవాటులో నుండును. అనురాగము మనసులో నుండును. 67 సెకండ్లలో నాలుగు జవాబులనుండి యొకదానిని గుర్తించుటచే నివి బయటపడవు. శుశ్రూష యను మాటకు మూలార్థము వినగోరుట. రోగి మూల్గు వినుట, చెప్పలేక చెప్పినదానిని వినుట, నడిరేయి పిలుపు వినుట యే ప్రశ్నపత్రమునకును అందునవి గావు.

అట్లయినచో దయను గూడ పరీక్షింపరాదా యని యడుగవచ్చును. మూడు గంటలలో దయను పరీక్షింపబూనినచో మరుసటి వేసవికే దయకు గూడ శిక్షణకేంద్రములు వెలయును. పిల్లలు కరుణను గూర్చి జవాబులు కంఠస్థము చేయుదురు. అంతకంటె నీ పరీక్ష తన హద్దులో దానుండుటయే మేలు. "ఈమె నేర్చుకొనగలదు" అని చెప్పుటవరకే దాని యధికారము. "ఈమె మంచి పరిచారిక" అని గాని, "ఈమె పనికిరాదు" అని గాని చెప్పుట కధికారము లేదు. ఆ మాట నాలుగేండ్ల పిమ్మట రోగి చెప్పవలయును. ర్యాంకు రాని బిడ్డను ఇంటిల్లిపాదియు నిరాశతో జూచుట, పరీక్ష చెప్పని మాటను దాని నోట బెట్టుటయే.

ఇక నింకొక యాక్షేపణ కలదు. "ఈ బాలికలు సేవకొరకు చదువుటలేదు. జీతము కొరకు, విదేశములకు బోవుట కొరకు చదువుచున్నారు" అని పెద్దమనుష్యులు పెదవి విరుతురు. ఇంజనీరగువాని నెవరైన నిట్లడిగితిరా? వంతెన నిర్మించువాడు జీతము తీసికొనినచో వంతెన కూలునా? బీడీలు వేయింటికింత యని లెక్కగట్టి తెచ్చు తల్లికిని, గల్ఫుదేశములో నెండకు మాడుచున్న తండ్రికిని కూతురు నెలజీతము విశ్రాంతి నిచ్చునేని, ఆ కోరిక స్వార్థమని యెట్లందుము? సేవ పవిత్రమని పొగడి, ఆ పొగడ్తనే సాకుగా జూపి జీతము కోయుట మన సంఘమునకు పాతయలవాటు. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము మనమందరమును వాకిళ్లలో నిలిచి వైద్యసేవకులకు చప్పట్లు కొట్టితిమి. ఆ దినములలోనే కొన్ని చోట్ల ఇంటి యజమానులు నర్సులను ఇండ్లు ఖాళీ చేయుమనిరి. నేటికిని "దేవత" యని కొనియాడు నోటితోనే, "రాత్రి డ్యూటీలు చేయు పిల్ల మా యింటి కోడలుగా వద్దు" అనువారు చదువుకొన్న గృహములలో గూడ లేకపోలేదు. అట్టివారు బాలికల యుద్దేశశుద్ధిని విమర్శించుటకు ముందు తమ యుద్దేశమును శోధించుకొనుట మంచిది.

ఇంతవరకు విచారించినను ఆ బాలిక ప్రశ్నకు బదులు దొరకలేదు. బాపమ్మయా, పరీక్షయా? ఆ రాత్రి చాలసేపు తలపోసిన పిమ్మట నాకు తట్టినది, ప్రశ్న వేసిన తీరే తప్పని. ఆ యింట ఆమెకు ఇరువదియేండ్ల యన్న కలడు. నేను పోయినప్పుడు ముంగిట కూర్చుండి ఫోను చూచుకొనుచుండెను. నేనతనిని దాటుకొని లోనికి బోయి, పని చేయుచున్న పిల్లను మందలించి, మరల నతనిని దాటుకొనియే వచ్చితిని. రోగిని జూచుట ఆడుపిల్ల పనియని చెల్లెలు తలచినది, అన్న తలచెను, ఇరువదియేండ్లుగా స్త్రీవిద్యను గూర్చి యుపన్యసించుచున్న నేనును తలచితిని. తలచితినన్న యెరుకయు నాకు లేకపోయెను.

మరునాడు మరల బోయి యన్నతో మాటలాడితిని. మొదట సిగ్గుపడెను, "నాకు రాదు సార్" అనెను. చెల్లెలే నేర్పినది. ముసలామెయు మొదట నొప్పుకొనలేదు. మనుమనిచే గొన్ని పనులు చేయించుకొనుట కామె మనసు పోలేదు. ఆ పనులు తల్లి చేసినది. ఆ వారము బీడీల కూలి తగ్గినది. త్రిప్పి పరుండబెట్టుట, గంజి త్రాగించుట, రాత్రి మేలుకొనుట అన్న వంతైనవి. బాలిక కరీంనగరమునకు బోయి పరీక్ష వ్రాసి వచ్చినది.

ఆమెకు గొప్ప ర్యాంకు వచ్చెనని చెప్పగలిగినచో నీ వ్యాసమునకు సొంపుగా నుండెడిది. కాని రాలేదు, కోరిన ప్రభుత్వ కళాశాలలో సీటు దొరకలేదు. మూడేండ్ల జి.ఎన్.ఎం. చదువులో జేరుటయా, వచ్చు సంవత్సరము మరల వ్రాయుటయా యని యోచించుచున్నది. ముసలామె యింకను మంచము మీదనే యున్నది. అన్న తన వంతు మానలేదు.

చదువరులారా! మీ యింటను ప్రవేశపరీక్షకు చదువుచున్న బాలిక యుండవచ్చును. ఆమెకు పుస్తకములు కొనిపెట్టుడు, రుసుము కట్టుడు, మంచిదే. కాని ఆమె పుస్తకము మూసి లేచుచున్న ప్రతిసారియు నేల లేచుచున్నదో, ఆ పని చేయగల వారింక నెవరు ఆ యింట కూర్చుండియున్నారో యొకసారి చూడుడు. నేను చూడక దాటిపోయితిని. మీరు చూచెదరు గాక.