చాసిస్ నంబరు

మా అయ్య మోటారు సైకిలు ఇరవై ఎనిమిదేళ్ళు మా ఇంటి వెనక వసారాలో గోనెపట్టాల కింద పడుంది. రాజ్‌దూత్ 175. ఎర్రరంగు బండి అని మేం చెబితే నమ్మాలి గానీ చూసేవాళ్ళకి తుప్పురంగే. దాని సీటు కింద కోళ్ళు గుడ్లు పెట్టాయి. మా అమ్మ హ్యాండిలు మీద తడిబట్టలు ఆరేసేది. దాని గురించి ఊళ్ళో అందరికీ, మాకూ తెలిసిన సంగతి ఒక్కటే: "ఇంజను పట్టేసింది. ఇక లేవదు." అయ్య చెప్పిన మాట అది.

2024 వేసవి సెలవుల్లో దాన్ని నేను బయటికి తీశాను. ఎందుకు తీశానో చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక పని చెప్పాలి. రాయటానికి చెయ్యి రావటంలేదు. అయినా రాస్తాను.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాత చెప్పులు కుట్టాడు. అయ్య ఊళ్ళు తిరిగి తోళ్ళు పోగుచేసి వ్యాపారికి చేరవేశాడు. నేను 2014 డీఎస్సీలో సెలక్టయి గవర్నమెంటు టీచర్నయ్యాను. పెళ్ళయి పాప పుట్టాక టౌన్లో ఇల్లు వెతుక్కున్నాం. ఒక పోర్షను బాగా నచ్చింది. బోరు నీళ్ళు, వెనక జాగా, పాప బడి దగ్గర. అడ్వాన్సు మాటలయ్యాక ఇంటావిడ మెల్లిగా అడిగింది.

"మీరేవిట్లు బాబూ?"

మా కోస్తా వాళ్ళకి ఈ ప్రశ్నకి అర్థం చెప్పక్కర్లేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మెత్తగా కులం అడుగుతారు. నేను "గవర్నమెంటు టీచర్నండీ" అన్నాను. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. ఆ ఇంటిపేరు పెద్దకులాల్లో కూడా ఉంది. ఆవిడే ఏదో అనుకుంది. ఆవిడ అనుకున్నదాన్ని నేను కాదనలేదు. నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు గదా అని మనసుకి చెప్పుకున్నాను.

ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాం. అంబేడ్కర్ పటం బీరువాలో బట్టల మధ్య ఉండేది. పెద్దకూర వండుకోవాలంటే మా అత్తగారి ఊరు పోయేవాళ్ళం. మూడో తరగతి చదివే పాప ఒకరోజు అడిగింది, "నాన్నా, ఎవరన్నా అడిగితే మనం ఏంటని చెప్పాలి?" అని. రోజూ నలభైమంది పిల్లలకి నిజమే చెప్పాలని పాఠం చెప్పేవాణ్ణి, నా బిడ్డకి జవాబు చెప్పలేక టీవీ పెట్టాను.

ఒక ఆదివారం మా అయ్య వచ్చాడు, చెప్పకుండా. సంచిలో పచ్చి వేరుశెనక్కాయలు, మునక్కాయలు. మోకాళ్ళ పైకి పంచె, భుజాన తువ్వాలు. ఇంటావిడ అరుగు మీద కూర్చునుంది.

"ఎవరు మాస్టారూ?" అంది.

"మా ఊరాయనండీ" అన్నాను.

అయ్య విన్నాడు. గడప దాటి లోపలికి రాలేదు. సంచి గుమ్మం పక్కన పెట్టాడు. "వస్తా మాస్టారూ" అని చెప్పి బస్టాండు వైపు నడిచాడు. నన్ను ఒరే అబ్బయ్యా అని తప్ప ఎన్నడూ పిలవని మనిషి, నా అబద్ధానికి తనూ ఒక మాట సాయం పట్టి పోయాడు.

మా ఇళ్ళల్లో తండ్రీకొడుకులు క్షమించమని మాట్లాడుకోరు. ఆ మాటలు మాకు రావు. నెల తర్వాత ఫోను చేసి, "అయ్యా, బండి బాగుచేయిస్తా" అన్నాను. "పాత ఇనపసామానోడికెయ్యి" అని పెట్టేశాడు.

బండి సంగతి చెప్పాలి. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండు బండి నమూనాతో 1960లలో మొదలుపెట్టిన బండి ఈ రాజ్‌దూత్. టూ స్ట్రోకు, మూడే గేర్లు, ఎంత బరువైనా మోస్తుంది. మా వైపు పాలవాళ్ళు క్యాన్లు కట్టుకుని తిరిగింది దీని మీదే. అయ్య 1992లో పాతబండి కొన్నాడు, తోళ్ళు వేసుకు తిరగటానికి. కాగితాలు తన పేరుకి మార్పించుకున్నాడు. వేలిముద్ర మనిషికి తన పేరు అచ్చులో ఉన్న కాగితం అదొక్కటే.

మా పల్లెకి దారి పెదబజారు మీదుగా పోతుంది. ఆ బజారు మొగలో అయ్య ఇంజను ఆపి, దిగి, చెప్పులు చేతబట్టుకుని, బండిని నెట్టుకుంటూ నడవాలి. బజారు దాటాక మళ్ళీ కిక్కు కొట్టుకోవాలి. ఇది ఏ కాగితంలోనూ రాసిలేదు. కానీ మా పల్లెలో పసిపిల్లాడికి కూడా తెలుసు.

1996 వానాకాలంలో నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎనిమిదేళ్ళవాణ్ణి. అర్ధరాత్రి అయ్య నన్ను టాంకు మీద పడుకోబెట్టుకుని, అమ్మని వెనక కూర్చోబెట్టుకుని, పెదబజారులో దిగకుండా దూసుకుపోయాడు. ఆస్పత్రిలో సెలైను పెట్టారు, బతికాను. మూడోరోజు అయ్యని పిలిపించారు. ఏం జరిగిందో మాకు చెప్పలేదు. చెంప మీద వాపుతో వచ్చాడు. కేసు పెట్టమని కుర్రాళ్ళన్నారు. 1989 అట్రాసిటీ చట్టం ఉంది. కానీ పోలీసు స్టేషనుకి దారి కూడా పెదబజారు మీదుగానే. 1985 కారంచేడు, 1991 చుండూరు మా పెద్దవాళ్ళ కళ్ళలోంచి ఇంకా పోలేదు. పల్లె మీదికి తేవద్దన్నారు. ఆ వారమే బండి వసారాలోకి పోయింది. ఇంజను పట్టేసిందన్నాడు అయ్య.

ఇక బాగుచేయటం. టౌన్లో పాత మెకానిక్కు సాయిబు ఒకాయన ఉన్నాడు. ఆటో ట్రాలీలో వేసుకుపోయి ఆయన ముందు దించితే చుట్టూ తిరిగి చూసి నవ్వాడు. "మాస్టారూ, ఇంజను పట్టేసిందంటున్నారు. పిస్టను ఇరుక్కునుంటే డీజిలు పోసి రెండ్రోజులు నానబెట్టాలి. అయినా కదలకపోతే బ్లాకు విప్పి, లేతు మీద బోరు చేయించి పెద్ద సైజు పిస్టను వెయ్యాలి. ఆ పిస్టను దొరకడమే కష్టం" అన్నాడు.

ప్లగ్గు ఉండాల్సిన చోట ప్లగ్గు లేదు. కన్నంలో గుడ్డ బిరడాలా కుక్కి ఉంది. సాయిబు దాన్ని లాగాడు. నూనెతో నల్లగా జిడ్డుగా వచ్చింది. వాసన చూశాడు. కిక్కురాడ్డు మీద చెయ్యి పెట్టి మెల్లిగా నొక్కాడు. అది కిందికి దిగింది.

"ఎవరు పెట్టారు మాస్టారూ ఈ బండిని? ప్లగ్గు తీసి లోపల ఆయిలు పోసి మూశారు. తుప్పు పట్టకుండా. మళ్ళీ నడపాలనుకునేవాడు పెట్టే పద్ధతి ఇది. ఇంజను ఎప్పుడూ పట్టేయలేదు."

నాకు కాళ్ళలో సత్తువ పోయింది. అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

ఇంజను బాగున్నా బండి లేవలేదు. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలూ గాలీ ముందు కింద క్రాంకు గదిలోకి వెళ్ళి, అక్కడ నొక్కుడు పడి పైకెక్కాలి. ఆ గదికి రెండు వైపులా ఆయిలు సీళ్ళుంటాయి. రబ్బరు గట్టిపడి చీలితే అందులోంచి గాలి పీల్చుకుంటుంది, ఎన్ని కిక్కులు కొట్టినా అంతే. ఇనుముని నూనె కాపాడింది గానీ రబ్బరుని కాపాడలేదు. క్లచ్చి ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పాయింట్లు పచ్చగా చిలుం పట్టాయి. టాంకులో కిరసనాయిలు, గుప్పెడు కంకరపలుకులు పోసి నేనూ పాపా అటోవైపు ఇటోవైపు పట్టుకుని ఊపితే గరిటెల కొద్దీ తుప్పు వచ్చింది.

స్పేరుపార్టుల కోసం తిరిగిన తిరుగుడు చెబితే అదే ఒక కథ. ఆ బండ్ల తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఒంగోలు షాపుల్లో పేరు చెబితే నవ్వారు. విజయవాడ ఆటోనగర్‌లో మూడు శనివారాలు తిరిగాను. ఒక ముసలాయన అటకెక్కి దుమ్ముపట్టిన డబ్బాలోంచి పాయింట్లసెట్టు, కండెన్సరు తీసిచ్చాడు. ఆయిలు సీళ్ళు కొలత చూసి వేరే బండివి సరిపెట్టాం. క్లచ్చి ప్లేట్లు ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి పార్సిల్లో వచ్చాయి. సైలెన్సరు ఒక పాలాయన దొడ్లో పడున్న రాజ్‌దూత్‌ది, కేజీల లెక్కన తూచి ఇచ్చాడు. ఏ కులపోడి బండి సామాను ఏ కులపోడి బండికెక్కిందో ఆ ఇనుముకి పట్టలేదు. కొలత సరిపోతే కూర్చుంది.

మధ్యలో ఊరెళ్ళి అయ్యని అడిగాను. "ఇంజను బాగానే ఉందంట గదయ్యా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నెట్టుకుంటా నడిచేది నావల్ల కాలేదురా. నడిపితే పల్లె తగలబడిద్ది. బండి చెడిందంటే ఎవురూ ఏమీ అడగరు. నువ్వు పెద్దోడివయ్యాక నడుపుతావని నూనె పోసిపెట్టా."

ఇప్పుడు నా ముందు రెండు అబద్ధాలున్నాయి. అయ్యది ఒకటి, నాది ఒకటి. రెండూ భయంలోంచి పుట్టినవే. రెండింటినీ పుట్టించింది పెదబజారే. మరి ఒకదాన్ని తలుచుకుంటే తలెత్తబుద్ధవుతుంది, ఇంకోదాన్ని తలుచుకుంటే చావాలనిపిస్తుంది. ఎందుకు?

ఇల్లు దొరక్క కులం దాచుకునేవాళ్ళని నేను తప్పుపట్టను. అబద్ధం తప్ప మరో దారి వదలకుండా అడిగినవాడే ఆ అబద్ధానికి మొదటి బాధ్యుడు. అంబేడ్కరంతటివాడు 1917లో విదేశీ చదువు చదివి బరోడా ఉద్యోగానికి వస్తే తలదాచుకోను గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పి ఉన్నాడు. బయటపడ్డాక కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. 1929లో చాలీస్‌గావ్‌లో ఆయన్ని ఎక్కించుకుని టాంగా తోలటానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. తోలడం చేతగాని మనవాడే తోలితే ఆయన కిందపడి కాలు విరిగింది. ఈ రెండు సంగతులూ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. దాచిపెట్టలేదు.

నాకు తోచింది ఇది. అయ్య ఆడిన అబద్ధానికి ఖరీదు అయ్యే కట్టాడు. ప్రాణంలాంటి బండిని వదులుకుని మిగిలిన జీవితమంతా తోళ్ళ మోపులు సైకిలు మీద తొక్కాడు. నేనాడిన అబద్ధానికి కూడా ఖరీదు అయ్యే కట్టాడు. తేడా అక్కడుంది. మన అబద్ధం ధర మనం కట్టినంతకాలం అది మన కష్టం. మనల్ని కన్నవాళ్ళ చేత, మనం కన్నవాళ్ళ చేత కట్టించిన రోజున అది ద్రోహం.

బండి లేచాక రిజిస్ట్రేషను మిగిలింది. పదిహేనేళ్ళు దాటిన బండికి మళ్ళీ చేయించాలి, ఆపైన ఐదేళ్ళకోసారి. ఇన్‌స్పెక్టరు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయించాడు. "సార్, సీళ్ళు, టైర్లు, కేబుళ్ళు, సీటు, సైలెన్సరు అన్నీ మారిపోయాయి" అన్నాను, ఏమన్నా అంటాడేమోనని. "ఏం మారినా నంబరుంటే అదే బండి మాస్టారూ. నంబరు గీకేస్తేనే దొంగబండి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని చాలారోజులు ఆలోచించాను. నేనూ అన్నీ మార్చుకున్నాను. బట్టలు, భాష, కూర, గోడమీద పటం. అయినా ఊరు పెన్సిలు పట్టుకుని "మీరేవిట్లు" అని రుద్దుతూనే ఉంది. కులం చాసిస్ నంబరులాంటిదని చెప్పబోవటంలేదు. ఆ నంబరు తయారుచేసినవాడు కొట్టాడు. మన మీద కులం కొట్టినవాళ్ళు మనల్ని తయారుచెయ్యలేదు. అది పోవాల్సిందే. 1936 నుంచీ 'కులనిర్మూలన' పుస్తకం చెబుతున్నది అదే. కానీ నేను దాచినప్పుడు కులం ఎక్కడికీ పోలేదు. ఇంటావిడ దగ్గర భద్రంగానే ఉంది. కులాన్ని గీకుతున్నాననుకుని నేను గీకింది మా అయ్యని.

జూన్ మొదటివారంలో బండి ఊరికి తీసుకెళ్ళి అయ్యని ఎక్కించుకున్నాను. పెట్రోల్లో ఆయిలు పాళ్ళు ఆయనే కలిపాడు. కిక్కు ఆయనే కొట్టాడు. నడపమంటే మోకాళ్ళు వంగటంలేదని వెనక కూర్చున్నాడు. పెదబజారు మొగ వచ్చింది. నా చెయ్యి దానంతటదే యాక్సిలేటరు తగ్గించింది.

"ఎందుకురా తగ్గించావు?" అన్నాడు అయ్య వెనకనుంచి.

బజారులో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఇప్పుడు మా పల్లె కుర్రాళ్ళ బండ్లు చాలానే తిరుగుతున్నాయి. అరుగు మీద ఒకరిద్దరు చప్పుడు విని తలెత్తి చూశారు. అంతే. ఆ మాత్రం దారికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

అటునుంచటే టౌనుకొచ్చాం. ఇంటావిడ అరుగు మీదే ఉంది.

"మా నాన్నగారండీ. ఆరోజు మా ఊరాయనని చెప్పాను. తప్పు చెప్పాను. మేం మాదిగలం" అన్నాను. గొంతు వణికింది. ధైర్యం వచ్చి చెప్పానని గొప్పలు చెప్పుకోను.

ఆవిడ "అలాగా" అంది. అయ్యవైపు చూసి, "కూర్చోండి" అనబోయి ఆగి లోపలికి పోయింది. ఇరవై రోజుల తర్వాత వాళ్ళబ్బాయి వస్తున్నాడు, పోర్షను కావాలంది. ఆ అబ్బాయి ఈనాటికీ రాలేదు.

ఇల్లు దొరకటానికి రెండు నెలలు పట్టింది. అడిగిన ప్రతిచోటా ముందే చెప్పాను. ఏడిళ్ళు పోయాయి. ఎనిమిదోది దొరికింది. బడికి దూరం, నీళ్ళు రోజు విడిచి రోజు. నా భార్య నీళ్ళ బిందెలు మోసిన రోజున నావైపు చూసే చూపుకి నా దగ్గర జవాబు లేదు. నా నిజానికి ధర ఆమె కూడా కడుతోంది, అది నాకు తెలుసు. మొదటిరోజు సామాను దించుతూ అంబేడ్కర్ పటం ముందుగదిలో మేకుకి తగిలించింది మాత్రం ఆమే.

కొత్త ఇంటాయన వాకిట్లో బండి చుట్టూ తిరిగి చూసి, పాపని అడిగాడు, "ఏమ్మా, ఎవరిదీ పాతబండి?"

నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"మా తాతది" అంది.