తడి ధాన్యం పైన ఉండాలి

మా అమ్మీకి ఏళ్ళ తరబడి మోకాళ్ళ నొప్పులు. ఆ మధ్య ఫోనులో వార్తలు చదువుతూ ఒక వ్యాసం చూశారు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఫోటో, నొప్పి పూర్తిగా పోయిందని చెప్పే ఓ పెద్దావిడ మాటలు, చివర్లో నూనె సీసా. 1,200 రూపాయలు పెట్టి తెప్పించుకున్నారు. నొప్పి తగ్గలేదు. నేను ఆ పేజీ తీసి చూస్తే ఓ మూల బూడిద రంగులో, చీమంత అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంది. "ప్రకటన అని తెలిస్తే నమ్మేదాన్నే కాదు బేటా" అన్నారు అమ్మీ.

సోదర సోదరీమణులారా! సరుకును గురించి ప్రకటన ఇవ్వడం ఇస్లాంలో నిషిద్ధం కాదు. అమ్మేవాడి మాట అని తెలిసినప్పుడు కొనేవాడు ఆచితూచి వింటాడు. ఆ మాటకే వార్త వేషం వేస్తే అతని జాగ్రత్తను దొంగిలించినట్లే.

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి జనానికి కనిపించేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. గమనించండి, ఆ వర్తకుడు అబద్ధమాడలేదు. అడగ్గానే నిజం చెప్పాడు. అయినా తప్పుపట్టబడ్డాడు. 'మూలన రాశాం కదా' అనేవారి వాదన కూడా ఇలాంటిదే. చేయి పెట్టి వెదికినవాడికే దొరికే నిజం అది.

పాలు పితకకుండా ఆపి, పొదుగు నిండుగా చూపించి పశువును అమ్మడాన్ని కూడా ఆయన (స) వారించారు. దీన్ని ఫిఖహ్‌లో 'తస్రియహ్' అంటారు. అలా కొన్నవాడు మూడు రోజుల్లోగా, వాడుకున్న పాలకు బదులు ఒక 'సా' ఖర్జూరాలు ఇచ్చి పశువును తిరిగి ఇచ్చేయవచ్చు. అక్కడా నోటితో ఆడిన అబద్ధం లేదు, పొదుగే అబద్ధం చెప్పింది!

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల ఆన్‌లైన్ మాయలను నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. మారువేషపు ప్రకటన వాటిలో ఒకటి. మోసపోయినవారు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇది ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీల వ్యవహారమే అనుకోకండి. మొన్న జుమా నమాజు తర్వాత ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. అత్తర్లు, ఖర్జూరాల గురించి వీడియోలు చేస్తాడు. దుకాణదారులు డబ్బిస్తారు, అతను సొంత అనుభవంలా చెబుతాడు.

"మౌలానా సాబ్, డబ్బు తీసుకున్నానని ముందే చెబితే సగం మంది చూడరు" అన్నాడు.

"ఆ సగం మందికి ఆ విషయం తెలుసుకునే హక్కు లేదా?" అని అడిగాను.

కాసేపు మౌనంగా ఉండి, ఇప్పటిదాకా వచ్చిన సంపాదన సంగతేమిటని అడిగాడు. పాత వీడియోల మొదట్లోనే నిజం రాయమన్నాను. అతని మాట నమ్మి కొని నష్టపోయామని ఎవరైనా వస్తే వారి సొమ్ము తిరిగి ఇమ్మన్నాను. మిగతా దాని గురించి లెక్కలు రాసుకుని ముఫ్తీ సాబ్ దగ్గరకు రమ్మన్నాను. వచ్చే జుమాకు వస్తానన్నాడు.