బడిపిల్లవాడు ప్రయోగపు మడి కాదు

రైతు కొత్త వంగడాన్ని చేనంతా ఒకేసారి వేయడు. ముందు ఒక మడిలో వేసి, పక్క మడిలో పాత విత్తనమే ఉంచుతాడు. కోతల వేళ రెండింటినీ పోల్చి చూస్తాడు. అది వివేకమే. అయితే మడికి మనసు లేదు. ఆ మడి స్థానంలో బడిపిల్లవాడు ఉంటే? అప్పుడు కూడ అది ధర్మమేనా?

ప్రియ పాఠకులారా, ఇది ఊహలోంచి పుట్టిన ప్రశ్న కాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి ఒక పెద్ద పరిశోధన చేపట్టాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దానిని నడిపారు. ఐదు జిల్లాలలోని 500 ప్రభుత్వ పాఠశాలలను చీట్లు తీసినట్టు విభజించారు. 200 బడులలో, పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనసు. 100 బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుడు. మరో 100 బడులకు గ్రాంటు. చివరి 100 బడులకు ఏమీ లేదు. అవి పోలిక కోసం.

రెండేళ్ల తరువాత బోనసు ఉన్న బడుల పిల్లలు లెక్కలలోను, భాషలోను మెరుగ్గా ఉన్నారు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాలలో కూడ ముందున్నారు. 2011లో ఈ ఫలితాలు అమెరికాలోని ఒక ప్రసిద్ధ అర్థశాస్త్ర పత్రికలో వెలువడ్డాయి.

దేశాల మధ్య ఇటువంటి సహకారాన్ని శ్రీసభ కోరుకుంటున్నది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్యపై వెలువరించిన ప్రకటన, చివరి భాగంలో, విశ్వవిద్యాలయాలు అంతర్జాతీయ సమావేశాలు జరుపుకోవాలని, పరిశోధన ఫలితాలను, ఆచార్యులను కూడ ఇచ్చిపుచ్చుకోవాలని ప్రోత్సహించింది.

మరి ఏమీ దక్కని ఆ 100 బడుల సంగతేమిటి? వారికి అన్యాయం జరిగిందా? ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వడమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధ. బోనసు మేలు చేస్తుందో, కీడు చేస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. పరీక్షకు పనికివచ్చేదే బోధిస్తారన్న భయం కూడ ఉన్నది. మేలో కాదో తెలియనిది, అందరికీ చాలనిది, ఎవరి హక్కూ కాదు. యోగ్యులిద్దరిలో ఒకరిని ఎన్నుకోవడానికి అపొస్తలులు సైతం చీట్లు వేశారు. మత్తియ ఎన్నిక అలా జరిగినదే.

కాని నా వాదన ఇక్కడితో ముగియదు. తెలియక ముందు లేని ఋణం, తెలిసిన తరువాత ఏర్పడుతుంది. ఆ 100 బడులు లేకపోతే పోలికే లేదు, జ్ఞానమూ లేదు. ఏమీ పుచ్చుకోని పిల్లలే ఎంతో ఇచ్చారు. మనిషిని కేవలం సాధనంగా వాడరాదన్నాడు కాంట్. ఇందులో “కేవలం” అన్న మాటే కీలకం. పసివాడి జవాబు కాగితం సముద్రాలు దాటి వెళ్లవచ్చు. అయితే దాని ఫలం వాడి భాషలో, వాడి బడికి తిరిగి రావాలి. రాకపోతే వాడు కేవలం సాధనమే అయ్యాడు.

రేపు మన విచారణ పాఠశాలకు ఎవరైనా ప్రశ్నపత్రాలతో వస్తే తలుపు మూయవద్దు. సంతోషంగా ఆహ్వానించి, ఒక్క మాట అడగండి: “తెలుసుకున్నది మాకు చెప్పడానికి మళ్లీ ఎప్పుడు వస్తారు?”

స్వస్థత పొందిన పదిమంది కుష్ఠరోగులలో ప్రభువు వద్దకు తిరిగి వచ్చినవాడు ఒక్కడే. అతడు సమరీయుడు, పరాయివాడు. తక్కిన తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు. జ్ఞానం పొందిన ప్రతివారినీ ఆ ప్రశ్న నేటికీ అడుగుతూనే ఉన్నది.