ఏ సగం?

అనగనగా ఒక పెద్ద చెరువు. దాని కింద ఏడు ఊళ్లు. తూము పక్కనే ఉన్నది పై ఊరు. కాలువ ఆగిపోయే చోట ఉన్నది కొసూరు. చెరువు నిండి అలుగు పారిన ఏడు కొసూరి మళ్లకు కూడా నీళ్లు అందేవి, రెండు పంటలు పండేవి.

కొన్నేళ్లుగా వానలు అదను తప్పాయి. మృగశిరలో పడాల్సిన వాన పుష్యమి దాటినా పడటం లేదు. పడితే ఒక్క రాత్రిలో కుండపోతగా కురిసి, దున్నిన మన్నంతా తెచ్చి చెరువులో పోస్తోంది. అలుగు పారి ఆరేళ్లయింది. సంక్రాంతి నాటికే చెరువులో బండలు తేలుతున్నాయి.

ఆ సీమను ఏలే రాజు జనం మేలు కోరేవాడే. పండితులను పిలిపించి లెక్క కట్టమన్నాడు. వాళ్లు చెరువు లోతు కొలిచారు, పాత కవిలెలు తిరగేశారు, ఎండకు ఎన్ని నీళ్లు ఆవిరైపోతున్నాయో చూశారు. "ప్రభూ, ఈ నీళ్లు సగం ఆయకట్టుకే వస్తాయి. అంతా నాటితే అంతా ఎండుతుంది" అని చెప్పారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

రాజు దండోరా వేయించాడు. ఎవరైనా సరే, తమ పొలంలో సగమే వరి నాటాలి. మించి నాటితే జరిమానా.

పై ఊరి మోతుబరులు జరిమానా కట్టేసి ఉన్నదంతా నాటారు. కొసూరిలో ఒక అవ్వకు ఉన్నది అరెకరం. అందులో సగమంటే పావెకరం. ఆ గింజలతో తానూ, ఇద్దరు మనవలూ ఏడాది గడపాలి. పైగా ఆ పావెకరానికైనా కాలువ నీళ్లు వస్తాయన్న నమ్మకం లేదు. అలాంటి ఇళ్లు ఏడు ఊళ్లలోనూ ఉన్నాయి. ఒక అమావాస్య రాత్రి ఎవరో తూము పగలగొట్టారు. తెల్లారేసరికి చెరువులో మూడో వంతు నీళ్లు వంక పాలయ్యాయి. భటులు ఇల్లిల్లూ తిరిగి అడిగినా ఏ ఊరూ ఎవరి పేరూ బయటపెట్టలేదు.

"వాళ్ల మేలుకే చెప్పాను. వాళ్ల నోటి దగ్గర కూడు వాళ్లే నేలపాలు చేసుకున్నారు. ఇంత అజ్ఞానమా!" అని రాజు మండిపడ్డాడు.

ముసలి మంత్రి తల అడ్డంగా ఊపాడు. "చెరువు ఎండుతోందని మన పండితుల కంటే ముందు వాళ్లకే తెలుసు ప్రభూ. ఎంత తగ్గించాలో మనం లెక్క కట్టాం. ఎవరికెంత తగ్గాలో మాత్రం ఎవరినీ అడగలేదు."

మరుసటి ఏడు మంత్రి ఇంటికో తాటాకు ముక్క మీద పేరు రాయించి ఊరికో కుండలో వేయించాడు. ఊళ్లో చిన్నపిల్లను పిలిచి ముగ్గురి పేర్లు తీయించాడు. ఏడు ఊళ్లకు ఇరవై ఒక్క మంది తేలారు. అందులో కౌలు రైతులున్నారు, ఒక కుమ్మరి ఉన్నాడు, గొర్రెల కాపరి ఉన్నాడు, ఇద్దరు మోతుబరులున్నారు, సెంటు భూమి లేని కూలీలున్నారు. కొసూరి అవ్వ పేరూ వచ్చింది. "మాకేం తెలుసు సామీ, చదువుకున్నోళ్లమా?" అని చాలామంది వెనకాడారు. మంత్రి వాళ్లకు ఆ రోజుల కూలి ఇప్పించాడు, భోజనం పెట్టించాడు, పసిపిల్లల తల్లులకు పిల్లలను చూసే మనిషిని పెట్టాడు. తీరిక ఉన్నవాళ్లే వచ్చి కూర్చుంటే అది మళ్లీ పెద్దల పంచాయతీయే అవుతుందని ఆయనకు తెలుసు.

కట్ట మీద మర్రిచెట్టు కింద సభ. పండితులు గీతలు పెట్టిన కొయ్య ఒకటి నీళ్లలో నాటి, ఒక్కో గీత దిగితే ఎన్ని ఎకరాల నీళ్లు పోయినట్టో ఓపిగ్గా చెప్పారు. ఇరవై ఒక్క మందీ ఒకరి తర్వాత ఒకరు నీళ్లలోకి దిగి ఆ గీతలను చేత్తో తడిమి చూశారు. మూడో రోజు అవ్వ నోరు విప్పింది.

"నీళ్లు సగానికే వస్తాయన్నారు గదా సామీ. ఒప్పుకున్నాం. ఏ సగానికి?"

పండితుడు కాసేపు మాట్లాడలేదు. "అది నా లెక్కలో లేదవ్వా. అది మీరే చెప్పాలి" అన్నాడు.

అక్కడి నుంచి అసలు సభ మొదలైంది. రాత్రిళ్లు తూము మూయనివ్వడం లేదనీ, ఆ నీళ్లు మళ్లు దాటి వంకలోకి పోతున్నాయనీ నీరుగంటి వచ్చి చెప్పాడు. తాను మట్టి తవ్వుకునే చోట ఒకప్పుడు నడుములోతు నీళ్లుండేవనీ, పూడిక పడి ఇప్పుడు మోకాలి లోతే మిగిలిందనీ కుమ్మరి చెప్పాడు. అప్పు తెచ్చి నాటే మోతుబరి, వరి ఒక్కసారిగా మానితే తన ఇల్లు వేలానికి వస్తుందన్నాడు. ఎవరో ఎగతాళి చేస్తే అలిగి లేచాడు. అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. "కూర్చో నాయనా. నువ్వెళ్లిపోతే నీ కష్టం ఎవరు చెబుతారు?"

చివరికి ఒక మాట మీదికి వచ్చారు. రాజు సగం నాటుకోమన్నాడు. వీళ్లు మూడో వంతే చాలన్నారు. ముందు ప్రతి ఇంటికీ తిండిగింజలకు సరిపడా మడి తడవాలి, అమ్ముకునే పంట సంగతి ఆ తర్వాత. మిగిలిన నేలలో జొన్న, కొర్ర, ఉలవ. వంతు కొసూరి నుంచి మొదలవ్వాలి. రాత్రి తూము మూతపడాలి. ఎండాకాలంలో ఇంటికో మనిషి పూడిక తీయాలి. అప్పులున్నవాళ్లకు రెండేళ్ల గడువు. ఆఖరి మాట: రాజుగారి మామిడితోటకూ వంతే.

రాజు అన్నిటికీ ఒప్పుకుని ఆ ఆఖరి మాట మాత్రం కొట్టేశాడు. వారం తిరక్కుండానే పై ఊరి కుర్రాడొకడు రాత్రిపూట తూము ఎత్తుతూ దొరికిపోయాడు. "రాజు తోటకు లేని వంతు నా మడికెందుకు?" అని అడిగాడు. ఇరవై ఒక్క మందిలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. మర్నాడు అందరూ కలిసి కోటకు వెళ్లారు.

"దొరా, మమ్మల్ని అడక్కుండా దండోరా వేసినప్పుడు కోపమొచ్చింది. అడిగి, మేం చెప్పింది కొట్టేస్తే ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాం. నీ మాట మీద నమ్మకంతో ఏడు ఊళ్లకు మేం మాటిచ్చాం" అంది అవ్వ.

రాజు ఆ పూటే తన తోటకు వంతు రాయించాడు.

ఆ ఏడూ వాన తక్కువే. అలుగు పారలేదు. పై ఊళ్లోనూ, కొసూరిలోనూ పిల్లలు జొన్న సంకటే తిన్నారు. ఒక్క ఇంటికీ తాళం పడలేదు, ఎవరూ వలస పోలేదు. తూము దగ్గర భటుల కాపలా పెట్టాల్సిన పనే రాలేదు.

నీతి: ఎంత తగ్గించాలో శాస్త్రం చెబుతుంది. ఎవరెంత తగ్గించుకోవాలో ఆ బరువు మోసే జనమే తేల్చాలి. వాళ్లను అడగాలి. అడిగాక వాళ్ల మాట నిలబెట్టాలి.

ఈ రాజు, ఈ చెరువు కల్పితమే. కానీ ఇలాంటి దండోరా, ఇలాంటి సభ మన కాలంలోనే జరిగాయి.

2018లో ఫ్రాన్స్ ప్రభుత్వం వాతావరణాన్ని కాపాడాలని పెట్రోలు, డీజిలు మీద పన్ను పెంచబూనింది. ఇంధనం తక్కువ కాలాలన్న లెక్క సరైనదే. బస్సు రాని పల్లెల్లో ఉంటూ రోజూ కారులో పనికి వెళ్లే మామూలు ఉద్యోగి మీద ఆ బరువు పడింది. విమానాలు తాగే ఇంధనానికి మాత్రం పన్ను లేదు. నవంబరులో జనం పసుపు చొక్కాలు వేసుకుని రోడ్లెక్కారు. డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపును విరమించుకుంది.

మరుసటి ఏడాది అక్టోబరులో అదే ప్రభుత్వం 150 మంది మామూలు పౌరులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి పారిస్‌లో కూర్చోబెట్టింది. దేశ జనాభాలో ఆడామగా, వయసు, చదువు, వృత్తి, ఊరు ఏ పాళ్లలో ఉన్నాయో ఆ సభలోనూ దాదాపు ఆ పాళ్లే ఉండేలా చూసింది. 1990తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలను కనీసం 40 శాతం తగ్గించే దారి చూపాలి, అదీ సామాజిక న్యాయం చెడకుండా అన్నది వాళ్లకు అప్పగించిన పని. శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు, న్యాయనిపుణులు వచ్చి వాళ్ల ప్రశ్నలకు బదులిచ్చారు. 2020 జూన్‌లో ఆ పౌరులు 149 సూచనలు ఇచ్చారు. చాలావాటిలో ప్రభుత్వం కంటే వాళ్లే గట్టిగా ఉన్నారు.

తోట కథ ఇక్కడా జరిగింది. సూచనలను వడకట్టకుండా ముందుకు పంపుతానని అధ్యక్షుడు మాక్రాన్ మాటిచ్చారు. తర్వాత కొన్నిటిని పక్కన పెట్టారు, కొన్నిటిని పలచన చేశారు. నాలుగు గంటల్లోపు రైలులో చేరగలిగే ఊళ్ల మధ్య విమానాలు ఆపేయాలని పౌరులు కోరితే, 2021 ఆగస్టు చట్టం దాన్ని రెండున్నర గంటలకు కుదించింది. ప్రభుత్వం తమ సూచనలను ఎంతవరకు పాటించిందో మార్కులు వేయమంటే, ఆ పౌరులు పదికి సగటున 3.3 వేశారు. తమ వారాంతాలు వదులుకుని నెలల తరబడి దేశం కోసం ఆలోచించినవాళ్లు వేసిన మార్కులవి. ఆ అంకె చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లను పిలిచింది ప్రభుత్వమే, మాటిచ్చిందీ ప్రభుత్వమే.

ఐర్లాండ్‌లో మాట ఇంతకంటే మెరుగ్గా నిలబడింది. న్యాయమూర్తి మేరీ లాఫాయ్ అధ్యక్షతన 99 మంది పౌరుల సభ 2017లో రెండు వారాంతాలు వాతావరణ మార్పు మీదే చర్చించి 13 సిఫార్సులు చేసింది. ఒక్కోదానికీ 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ మంది ఓటేశారు. కర్బనం ఎక్కువగా వెలువడే పనుల మీద పన్ను ఎక్కువ కట్టడానికి తాము సిద్ధమని 80 శాతం మంది చెప్పారు. నిరుపేద కుటుంబాల మీద ఆ బరువు పడకూడదని షరతు పెట్టారు. ఆ సిఫార్సుల మీద పార్లమెంటు ప్రత్యేక సంఘం వేసి పనిచేసింది. 2019లో కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. కర్బన పన్ను 2030 నాటికి టన్నుకు 100 యూరోలకు చేరేలా 2020లో చట్టమైంది. ఫ్రాన్స్‌లో జనాన్ని రోడ్డెక్కించింది కూడా పన్నే. ఐర్లాండ్‌లో ఎక్కువ పన్ను కట్టడానికి పౌరుల సభే ముందుకొచ్చింది. "ఎవరి మీద?" అన్న ప్రశ్నకు ముందే జవాబు దొరకడమే ఇందుకు కారణమని నా నమ్మకం.

ఇంత దూరం పోనవసరం లేదు. మన అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కరువు పల్లెల్లో 2003 తర్వాత ఏపీఫామ్‌జీఎస్ అనే భూగర్భజల నిర్వహణ పథకం కింద రైతులే భూగర్భజలాల లెక్క చేతిలోకి తీసుకున్నారు. వాన ఎంత పడిందో కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూసి పుస్తకంలో రాశారు. బడికి వెళ్లనివాళ్లు కూడా ఆ అంకెలు చదవడం నేర్చుకున్నారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. లోటు తేలితే ఏం చేయాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. ఎవరికీ నిషేధం లేదు, జరిమానా లేదు. అయినా చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్లు తాగే పంటలకు మారారు. భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక ఈ అనుభవానికి పెద్దపీట వేసింది.

చదువులేని జనానికి వాతావరణ శాస్త్రం ఏం తెలుసని అడిగేవాళ్లకు ఆ రైతుల నీటి పుస్తకాలే జవాబు. శాస్త్రాన్ని ఓపిగ్గా చెప్పేవాళ్లుంటే జనం నేర్చుకుంటారు, నేర్చుకుని మనం అడగని ప్రశ్న అడుగుతారు. ఇంత తతంగానికి టైము లేదు, వేడి పెరిగిపోతోంది అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఆత్రుత న్యాయమైనదే. అయితే జనాన్ని అడక్కుండా తెచ్చిన విధానం ఉద్యమాల మధ్య వెనక్కి పోతే, నష్టపోయేది కూడా ఆ టైమే.

మనకు గ్రామసభ ఉంది. 73వ రాజ్యాంగ సవరణతో దానికి రాజ్యాంగంలోనే చోటు దొరికింది. ప్రాజెక్టుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. ఆ సేకరణ వచ్చేసరికి ప్రాజెక్టు ఎక్కడ, ఎంత అన్నది కాగితం మీద తయారై ఉంటుంది. జనం అవుననడానికో కాదనడానికో పరిమితమవుతారు. 2008లో వాతావరణ మార్పు మీద జాతీయ ప్రణాళిక వచ్చాక రాష్ట్రాలు కూడా తమ వాతావరణ ప్రణాళికలు రాసుకున్నాయి. వాటిలో నీళ్లున్నాయి, పంటలున్నాయి, కరెంటు ఉంది, తీరప్రాంతం ఉంది. ఇవన్నీ మన ఇంటి విషయాలే. వీటి ముసాయిదాలు తెలుగులో, అంకెలతో సహా, ఇంకా ఏదీ తేలకముందే జనం ముందుకు రావాలి. లాటరీ తీసి ప్రతి జిల్లాలో ఒక పౌరసభ పెట్టాలి. వచ్చిన కూలీకి కూలి, తల్లికి పిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలి. వాళ్లు చెప్పిన ప్రతి మాటకూ ప్రభుత్వం గడువులోగా అవునో కాదో, కాదంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి.

తగ్గించుకోవాల్సిన రోజులు వచ్చేశాయి. అందరం కాస్తో కూస్తో వదులుకోక తప్పదు. ఎవరి వంతు ఎంతో తేల్చే చోట మనమూ ఉండాలని మన గ్రామసభ నుంచే అడుగుదాం.