నమాజుకూ తక్కెడకూ సంబంధం ఏమిటి?

దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు 'అల్ ముతఫ్ఫిఫీన్' అని పేరు. తూకంలో, కొలతలో కోత పెట్టేవారు అని దాని అర్థం. 36 ఆయతులున్న ఈ సూరా వారికి వినాశాన్ని ప్రకటిస్తూనే మొదలవుతుంది. తమకు రావలసింది తీసుకునేటప్పుడు వారు నిండుగా కొలిపించుకుంటారు. ఇతరులకు ఇవ్వవలసి వచ్చేసరికి తగ్గించి ఇస్తారు. వారి నేరం ఇదే. ఆ వెంటనే అల్లాహ్ అడిగే ప్రశ్నను గమనించండి: ఒక మహాదినాన తిరిగి లేపబడతామన్న ఆలోచన వీరికి లేదా? దొంగ తూకం అనగానే మనకు తూనికలు కొలతల శాఖవారు గుర్తుకొస్తారు. ఖుర్ఆన్ మాత్రం ప్రళయదినాన్ని గుర్తు చేస్తోంది. తక్కెడలో జరిగే మోసానికి వేరు పరలోక విశ్వాసంలోని లోపంలో ఉందని చూపుతోంది.

ఈ మాటకు కిరాణా కొట్టు తక్కెడే హద్దు కాదు. ఒకతను అస్ర్ నమాజుకు రాకపోతే హజ్రత్ ఉమర్ (ర) కారణం అడిగి, నీవు కొలత తగ్గించుకున్నావని అన్నట్టు ఇమామ్ మాలిక్ (రహ్మ) 'మువత్తా'లో ఉల్లేఖించారు. నిండు కొలత, తక్కువ కొలత అనేవి ప్రతి విషయంలోనూ ఉంటాయన్న మాటను కూడా అక్కడే చేర్చారు. ఆ లెక్కన కూలివాని చేత పది గంటలు పని చేయించుకుని ఎనిమిది గంటల కూలి చేతిలో పెట్టే యజమాని ముతఫ్ఫిఫే. ఎనిమిది గంటల జీతం పుచ్చుకుని ఐదు గంటలు పని చేసే ఉద్యోగి కూడా ముతఫ్ఫిఫే. (ఈ రెండో మాట చెప్పినప్పుడు మస్జిదులో యజమానులు బాగా తలలూపుతారు. మొదటి మాట దగ్గర మాత్రం మౌనంగా ఉంటారు.)

హజ్రత్ షుఐబ్ (అలై) మద్‌యన్ ప్రజల వద్దకు ప్రవక్తగా పంపబడ్డారు. వారు వ్యాపారులు, కలిగినవారు. సూరా హూద్‌లో ఆయన బోధ చాలా సూటిగా ఉంటుంది. అల్లాహ్‌నే ఆరాధించండి, తూకాన్నీ కొలతనూ న్యాయంగా నిండుగా ఇవ్వండి, ప్రజల వస్తువులకు విలువ తగ్గించకండి అన్నారు. న్యాయంగా వ్యాపారం చేశాక అల్లాహ్ మిగిల్చే లాభమే మీకు మేలని కూడా చెప్పారు. దానికి వారిచ్చిన సమాధానం ఆలోచించదగినది. మా తాతముత్తాతల దేవుళ్ళను వదిలేయమనీ, మా సొమ్మును మా ఇష్టం వచ్చినట్టు వాడుకోవద్దనీ నీకు నీ నమాజు నేర్పుతోందా అని ఎగతాళి చేశారు.

వారికి ఆయన నమాజు చేసుకోవడం అభ్యంతరం కాదు. ఆ నమాజు మస్జిదు గడప దాటి బజారులోకి రావడమే అభ్యంతరం. ఇన్ని వేల ఏళ్ళ తర్వాత ఈ మాట మన నోటా వినిపిస్తోంది. 'నమాజు నమాజే, బిజినెస్ బిజినెస్సే' అంటున్నాం. మద్‌యన్ వారు ఈ మాటను అవిశ్వాసంతో అన్నారు. మనం కలిమా చదువుతూ, టోపీ పెట్టుకుని అంటున్నాం. ఎవరి పరిస్థితి ఎక్కువ ప్రమాదకరమో పాఠకులే ఆలోచించాలి.

మహనీయ ముహమ్మద్ (స) స్వయంగా వ్యాపారం చేసినవారు. బజారు మర్మాలు ఆయనకు తెలుసు. మదీనాలో ఒకసారి ధాన్యపు కుప్ప దగ్గర ఆగి అందులో చేయి పెడితే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగారు. వర్షానికి తడిసిందన్నాడు అమ్మేవాడు. మరైతే జనానికి కనిపించేలా ఆ తడి గింజల్ని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసం చేసేవాడు నావాడు కాడన్నారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. ఆ వ్యక్తి ధాన్యంలో నీళ్ళు పోయలేదు. వాన కురవడం అతని తప్పు కాదు. తడిసిన గింజను అడుగున దాచడమే తప్పు. దాన్ని పైన పోసి ఉంటే ధర కొంత తగ్గేది, ఈమాన్ నిలిచేది.

మన తెలుగు ప్రాంతాల్లో వరి అమ్మకాల కాలంలో సరిగ్గా ఈ తడి దగ్గరే తగాదా వస్తుంది. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం దాకా ఉండవచ్చు. అంతకు మించి ఉంటే రైతు ఆ సంగతి చెప్పి ఆరబెట్టుకోవాలి. తడి గింజను బస్తా అడుగున పెట్టడం హదీసులోని వ్యక్తి చేసిన పనే. అటు మిల్లరు గానీ, దళారి గానీ ధాన్యం బాగున్నా తేమ అనీ తాలు అనీ చెప్పి బస్తాకు ఇంత అని 'తరుగు' తీస్తే అదీ తత్‌ఫీఫే. నిజంగా ఉన్న లోపానికి ధర తగ్గించడం న్యాయం. లేని లోపానికి తూకం కోయడం ఖుర్ఆన్ పేరు పెట్టి ఖండించిన నేరం.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో పట్టుబట్టల వ్యాపారి. తన భాగస్వామి హఫ్స్‌కు సరుకు పంపుతూ, ఒక బట్టలో లోపముంది, కొనేవారికి చూపించి అమ్ము అని చెప్పారు. హఫ్స్ మరచిపోయి చెప్పకుండానే అమ్మేశాడు. కొన్నదెవరో తెలియలేదు. సంగతి తెలిసిన ఇమామ్ ఆ అమ్మకం మీద వచ్చిన సొమ్ము మొత్తాన్ని దానం చేశారు. ఆ పొరపాటు ఆయనది కాదు, కావాలని చేసినదీ కాదు. అయినా ఆ ధనాన్ని ఇంటికి తీసుకుపోవడానికి ఆయన మనసు ఒప్పలేదు.

మన దేశంలో 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ పెద్ద కంపెనీలకు ఒక బాధ్యత పెట్టింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజ సేవకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. మంచిదే, పేదవానికి మేలు జరిగే పనిని ఇస్లాం కాదనదు. కానీ ధనం విషయంలో ప్రళయదినాన రెండు ప్రశ్నలు ఉంటాయని దైవప్రవక్త (స) తెలిపారు: ఎక్కడి నుంచి సంపాదించావు? దేనికి ఖర్చు చేశావు? చట్టం రెండు రూపాయల లెక్క అడుగుతుంది. అల్లాహ్ నూరు రూపాయలూ ఎలా వచ్చాయని మొదట అడుగుతాడు.

జకాత్ విషయంలోనూ మనలో కొందరికి ఈ భ్రమ ఉంది. రెండున్నర శాతం తీసేస్తే మిగతాదంతా శుద్ధమైపోతుందని అనుకుంటారు. జకాత్ శుద్ధి చేసేది హలాల్ ధనాన్ని. ఇతరుల నుంచి అన్యాయంగా లాక్కున్న ధనం మనది కానే కాదు, దానిలో రెండున్నర శాతం లెక్క ఉండదు, మొత్తం తిరిగి ఇవ్వవలసిందే. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దాన్నే స్వీకరిస్తాడని హదీసులో ఉంది. పనివాళ్ళ మూడు నెలల జీతం ఆపి రమజాన్‌లో ఇఫ్తార్ విందు పెట్టే యజమాని ఈ హదీసును ఒకసారి చదవాలి.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు తనిఖీలు జరిపి గాజుల తయారీ గదుల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో అధికులు బీహార్ నుంచి తేబడినవారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. న్యాయంగా చెమటోడ్చి ఆ పని చేసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వారి చేతి పనికి ఆ గౌరవం తగినదే. అందుకే ఆ పేరు మీద పసివాళ్ళ కన్నీటి మరక పడకూడదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం, బడి అయ్యాక ఇంటి పనిలో చేసే సాయం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. షరీఅత్ దృష్టిలో చూద్దాం. ప్రళయదినాన ముగ్గురికి తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ చెప్పినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. ఒకడు తన పేరుతో మాట ఇచ్చి తప్పినవాడు. మరొకడు స్వతంత్రుణ్ణి అమ్మి ఆ ధర తిన్నవాడు. మూడోవాడు కూలివాని చేత పూర్తి పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు. తల్లిదండ్రుల చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి, పిల్లవాణ్ణి వేల కిలోమీటర్ల దూరం తెచ్చి, గదిలో పెట్టి పని చేయించుకునేవాడు నా దృష్టిలో రెండో నేరానికి, మూడో నేరానికి మధ్యన ఎక్కడో నిలబడి ఉన్నాడు.

'మేము తయారు చేయలేదు, కొని అమ్ముకుంటున్నాం' అని దుకాణదారులు అంటారు. సరుకు ఎలా తయారైందో తెలియనివాడికి ఆ మాట చెల్లుతుంది. తెలిసీ చవక అని కొనేవాడికి చెల్లదు. పాపంలో సహకరించుకోవద్దని సూరా మాయిదా ఆదేశం. చాంద్‌రాత్‌న గాజులు, బట్టలు కొనే మన ఇళ్ళ స్త్రీలకూ ఇందులో భాగముంది. భర్త సంపాదనకు బయలుదేరుతుంటే, హరామ్ సొమ్ముకు దూరంగా ఉండండి, మేము ఆకలి ఓర్చుకోగలం గాని నరకాగ్ని ఓర్చుకోలేం అని చెప్పి సాగనంపిన పూర్వకాలపు ఇల్లాళ్ళ ప్రస్తావన మన గ్రంథాల్లో ఉంది. నేడు ఆ గడప దగ్గర ఏ మాటలు వినిపిస్తున్నాయి?

తప్పు జరిగిపోయినవారు ఏం చేయాలని అడిగేవారుంటారు. దానికి ఉలమా చెప్పే పద్ధతి ఉంది. తౌబా చేసినంత మాత్రాన ఇతరుల హక్కు తీరిపోదు. ఎవరి కూలి ఆపారో వారిని వెతికి ఇవ్వాలి. వారు మరణించి ఉంటే వారసులకు ఇవ్వాలి. ఎంత అన్నది గుర్తు లేకపోతే పద్దు పుస్తకాలు తీసి, ఖచ్చితంగా సరిపోతుంది అనుకునేంత మొత్తం అంచనా వేసి చెల్లించాలి, లేదా వారి నుంచి మనస్ఫూర్తిగా క్షమాపణ పొందాలి. ఎన్ని విధాల వెతికినా హక్కుదారు దొరకకపోతే ఆ సొమ్మును అతని తరఫున పేదలకు ఇచ్చేయాలి. తనకు పుణ్యం వస్తుందన్న సంకల్పంతో ఇవ్వకూడదు, ఎందుకంటే అది తన ధనం కాదు. తర్వాత ఆ హక్కుదారు ఎదురై, ఆ దానానికి ఒప్పుకోక తన సొమ్ము తనకు కావాలని అడిగితే, మళ్ళీ తన జేబులోంచి తీసి అతనికి చెల్లించవలసి ఉంటుంది.