బల్ల గిన్నె

మా ఇళ్లల్లో పాత వస్తువు కనబడితే లోకం ముందు అడిగేది "ఇదేంటి?" అని కాదు, "మీకెక్కడిది?" అని. అదే వస్తువు దొర ఇంట్లో ఉంటే దానికి చరిత్ర ఉంటుంది. మా ఇంట్లో ఉంటే దానిమీద అనుమానం ఉంటుంది.

మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒక చిన్న గిన్నె ఉంది. మూడు వేళ్ల ఎత్తు. కింద పాదం, మధ్యలో పొట్టి కాడ, పైన గుండ్రటి గిన్నె. బయట వెండి తెలుపు. లోపల అక్కడక్కడా బంగారు రంగు. "అది బల్ల గిన్నె" అంటది నాయనమ్మ. మంచం పట్టిన ముసలోళ్లకు ప్రభువు బల్ల ఇయ్యడానికి అయ్యగారు మాలపల్లెకు వచ్చినప్పుడు ఆ గిన్నెలోనే రసం పోసేవాడట. తోమి దాచే పని ఆమె అత్తది. గుడికి కొత్త గిన్నెలు వచ్చినంక ఇది మా ఇంట్లోనే ఉండిపోయింది.

దాన్ని ఖమ్మంలో ఒక వెండి కొట్టుకు తీసుకుపోయాను. అమ్మడానికి కాదు, అదేంటో తెలుసుకుందామని. షావుకారు గీటురాయి మీద రుద్ది చూశాడు. "వెండి కాదు, పూత" అన్నాడు. అంతటితో ఆగలేదు. "ఏ ఊరు మీది? ఊళ్లో ఎటుపక్క ఇల్లు? ఇది మీ చేతికెట్లొచ్చింది?" నేను సర్కారు బడి పంతుల్ని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. ఆ మూడు ప్రశ్నల ముందు నా జేబులో పెన్నుకు విలువ లేదు.

సరే, ఆ గిన్నెను నేనే ప్రశ్నించాను. పాదం అడుగున నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నాయి: ఇ, పి, ఎన్, ఎస్. నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వేసిన వెండి పూత అని దాని అర్థం. ఈ పద్ధతికి 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్లు పేటెంటు తీసుకున్నారు. నికెల్ సిల్వర్ అంటే మన బజార్లో జర్మన్ సిల్వర్ అనేదే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. పేరులో తప్ప వెండి ఎక్కడా లేదు. లోపలి బంగారు పూత ఎందుకు? గుడ్డులో గంధకం ఉంటది. అది తగిలితే వెండి నల్లబడతది, బంగారం నల్లబడదు. అయితే బల్ల గిన్నెలకు కూడా లోపల బంగారు పూత వేస్తారు కాబట్టి ఆ ఒక్క సాక్ష్యం చాలదు. బల్ల గిన్నె కాడకు పట్టుకోవడానికి సాధారణంగా మధ్యలో ఒక బుడిపె ఉంటది. దీనికి లేదు. చివరికి ఒక కోడిగుడ్డు తెచ్చి పెట్టాను. సరిగ్గా సగం దాకా దిగి కుదురుగా కూచుంది. ఇక వాదన అక్కర్లేదు. ఉడికించిన గుడ్డును నిలబెట్టుకుని చెంచాతో తినడానికి తెల్లదొరల బల్లమీద పెట్టే గిన్నె ఇది.

ఈ అడవి అంచుకు అలాంటి సామాను రావడం వింతేమీ కాదు. గోదావరిలో పడవల దారి కోసం 1860లలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. 1871లో ఆ పథకం పనులు ఆపేశారు. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతోనే అక్కడ చర్చి మిషనరీ సొసైటీ మిషన్ వెలిసింది. దొరలున్న చోట దొరల బల్లలుంటాయి. బల్లలున్న చోట వాటి సామాను తోమే చేతులుంటాయి.

ఈ సంగతి చెబితే ఒక విద్యార్థి మిత్రుడు అడిగాడు: "అయితే మీ నాయనమ్మ నమ్మింది అబద్ధమేనా అన్నా?"

అసలు ప్రశ్న ఇదే. ఒక వస్తువు ఎందుకోసమో తేల్చేది ఎవరు? చేసినవాడా, వాడినవాడా? పుట్టించినవాడే పని నిర్ణయిస్తాడనే మాట మనకు కొత్త కాదు. పాదాల నుంచి పుట్టినవాడి పని సేవ అన్నారు. ఆ లెక్కలోకి కూడా రానివాణ్ని ఊరి బయట పెట్టారు. అరిస్టాటిల్ చెప్పుకు రెండు ఉపయోగాలు చూశాడు, తొడుక్కోవడం, మారకం. అదే పుస్తకంలో బానిసను ప్రాణమున్న పనిముట్టు అన్నాడు. చెప్పుకిచ్చిన వెసులుబాటు మనిషికి ఇవ్వలేదు. పుట్టుక ముద్రే గమ్యం అని ఒప్పుకుంటే గిన్నె విషయంలో గెలుస్తాం, మన విషయంలో ఓడిపోతాం.

అట్లని వాడకమే సర్వస్వం అనొచ్చా? అనలేం. టీ గ్లాసు ఫ్యాక్టరీలో కులం లేకుండానే పుడతది. హోటలువాడు దాన్ని చూరులో పెట్టి "ఇది మీ గ్లాసు, మీరే కడుక్కోండి" అంటే అది అంటరానితనపు పనిముట్టు అయితది. అదీ వాడకమే. కాబట్టి వాడకాన్ని కూడా బోనెక్కించాలి. అది మనుషుల్ని కలిపిందా, విడదీసిందా? కొలత అదొక్కటే. అసలైన బల్ల గిన్నెలు కూడా ఈ పరీక్షలో తప్పాయి. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘాల్లో కుల భేదాలు ఉండకూడదని ఆజ్ఞ పంపితే, తంజావూరు వైపు పైకులాల క్రైస్తవులు చాలామంది సంఘాన్నే వదిలిపోయారు. చర్చి కోసం చేసిన గిన్నెలే అక్కడ అందరి నోళ్లనూ కలపలేకపోయాయి. గుడ్డు కోసం చేసిన గిన్నె మా వాడలో కలిపింది.

నాయనమ్మకు అంతా చెప్పాను. దాచడం ఆమెను పసిపిల్లను చేయడమే. ఆమె నవ్వింది. "గుడ్డు పెట్టేదయితే ఏంది బిడ్డా? ఊరి బాయి మమ్మల్ని ముట్టనియ్యలే. ఈ గిన్నెను ఒకరి ఎంగిలి ఒకరం అనుకోకుండ తాగినం. అది అబద్ధమా?"

కాదు. అట్లాగని అది గుడ్డు గిన్నె అన్న నిజమూ పోదు. తరగతి గదిలో పిల్లలకు రెండూ చెప్తాను. సాక్ష్యాన్ని నమ్మకం కోసం వంచితే, రేపు మన చరిత్రను ఎవరైనా వంచొచ్చు. సాక్ష్యం పేరుతో అనుభవాన్ని చెరిపేస్తే, మనకు చరిత్రే మిగలదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా పింగాణీ, గాజు సామాను పక్కన చీటీలుంటాయి. ఏ దేశం, ఏ శతాబ్దం అని ఉంటది. ఎవరు తోమారో, ఎవరి పెదవికి తగిలిందో ఉండదు. మన పెట్టెల్లోని వస్తువులకు మనమే చీటీలు రాయాలి. ఈ గిన్నెకు నేను రాసింది రెండు వాక్యాలే: "గుడ్డు కోసం చేసింది. మాలపల్లెలో అందరూ తాగింది."