బండ మీది మట్టి

మడకశిర ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి బండ అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. ఊరిని ఆనుకుని కొండ, కొండ దిగువన చేలు, చేలల్లో అక్కడక్కడ పైకి తేలిన బండలు. అలాంటి బండ మీద కాలక్రమంలో పలుచగా మట్టి పేరుకుంటుంది. దూరం నుంచి చూస్తే అదీ చేనులాగే కనిపిస్తుంది. ఒక్క గట్టి వాన పడితే చాలు, మట్టి కాస్తా కొట్టుకుపోయి నున్నని రాయి బయటపడుతుంది. దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరాలోని 264వ వాక్యం, జనం చూడాలని దానం చేసేవాని స్థితిని సరిగ్గా ఈ దృశ్యంతోనే పోల్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతుకు వెళ్ళదీసే ఈ కరువు నేల వారికి ఆ పోలిక అర్థమైనంతగా మరెవరికీ అర్థం కాదేమో! వాన కోసం ఎదురుచూసి, తీరా అది వచ్చాక ఉన్న మట్టి కూడా పోతే ఆ రైతు గతి ఏమిటి?

ఈ పోలికను ఇప్పుడు గుర్తుచేయడానికి ఒక కారణం ఉంది. ఇటీవలి కాలంలో సత్కార్యాల కోసం పరుగులు, క్రికెట్ పోటీలు నిర్వహించడం పెరిగింది. ముంబయి మారథాన్ 2004లో మొదలైంది. బెంగుళూరులో 10 కిలోమీటర్ల పరుగు 2008లో మొదలైంది. వీటి ద్వారా స్వచ్ఛంద సంస్థలకు పెద్ద మొత్తాలు సమకూరుతున్నాయి. బతుకుదెరువు కోసం బెంగుళూరు వెళ్ళే మన యువకులు ఇవన్నీ చూస్తున్నారు. మడకశిరలో కొందరు యువకులు పేద రోగుల మందుల కోసం 5 కిలోమీటర్ల పరుగు పెట్టాలని సంకల్పించారనుకుందాం. చొక్కాలు, మంచినీళ్ళు, అంబులెన్సు, మైకు - అన్నిటికీ డబ్బు కావాలి. స్పాన్సర్లు కావాలి. స్పాన్సరేమో బ్యానరు మీద తన పేరు పెద్దదిగా ఉండాలంటాడు.

అప్పుడు ఒక పెద్దాయన, "కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు కదా నాయనా! ఇదేం దానం?" అని అడుగుతాడు. "పేరు లేకపోతే ఎవరిస్తారు చాచా? డబ్బు లేకపోతే రోగికి మందు ఎక్కడిది?" అని యువకులు అంటారు. ఎవరిది సబబు?

బహిరంగ దానం తప్పా?

కాదు. అదే సూరా 271వ వాక్యం ప్రకారం దానాలను బహిరంగంగా ఇచ్చినా మంచిదే, గోప్యంగా పేదలకు అందిస్తే మరీ మంచిది. సహీహ్ ముస్లింలో హజ్రత్ జరీర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ముజర్ తెగకు చెందిన కొందరు ఒంటి నిండా బట్టలు కూడా లేని స్థితిలో మదీనా వచ్చారు. వారి దైన్యం చూసి దైవప్రవక్త (స) ముఖకవళికలు మారిపోయాయి. ఆయన జనాన్ని సమావేశపరచి దానం చేయమని పురికొల్పారు. ఒక అన్సారీ సహచరుడు చేతితో మోయలేనంత బరువైన సంచి తెచ్చి అందరి ఎదుటా పెట్టాడు. అది చూసి ఒకరి తర్వాత ఒకరు తేగా, ఆహారం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. ప్రవక్త (స) ముఖం ఆనందంతో వెలిగిపోయింది. మంచి సంప్రదాయాన్ని ప్రారంభించినవానికి, దాన్ని అనుసరించినవారి పుణ్యంలో కూడా భాగం ఉంటుందని ఆయన శుభవార్త ఇచ్చారు.

అంటే నలుగురి ఎదుట ఇవ్వడం నలుగురిని కదిలించడానికైతే అది పుణ్యం. నలుగురి చేత పొగిడించుకోవడానికైతే అది బండ మీది మట్టి. చేయి ఒక్కటే, సంచి ఒక్కటే. తేడా అంతా సంకల్పంలో ఉంది.

చొక్కా మీద పేరు

మరి స్పాన్సరు సంగతేమిటి? ఇక్కడ మనం ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఒక దుకాణదారు 10 వేల రూపాయలిచ్చి, 500 చొక్కాల మీద తన దుకాణం పేరు అచ్చు వేయించుకుంటే అది ప్రకటన. ప్రకటన వ్యాపారంలో భాగం, ధర్మసమ్మతమైన సరుకైతే అందులో దోషం లేదు. దోషం ఎక్కడ వస్తుందంటే, కొనుక్కున్న ప్రకటనకు దానం అని పేరు పెట్టినప్పుడు! ప్రళయదినాన మొట్టమొదట లెక్క అడగబడే వారిలో, దాతగా పేరుపొందాలని దానం చేసినవాడు ఒకడని హదీసు తెలుపుతోంది. అతను కోరిన పేరు లోకంలోనే దక్కింది. అక్కడ ఇక మిగిలింది ఏమీ లేదు.

కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ ఉదంతం ఇక్కడ ఆలోచించదగినది. ఎముక క్యాన్సరు వల్ల 1977లో అతని కుడి కాలు తీసేశారు. క్యాన్సరు పరిశోధనకు నిధుల కోసం 1980 ఏప్రిల్ 12న అతను కృత్రిమ కాలుతో దేశానికి అడ్డంగా పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. 1981 జూన్‌లో కన్నుమూశాడు. అతనికీ కంపెనీల సహాయం అందింది. ఒకరు వాహనం ఇచ్చారు, ఒకరు ఇంధనం ఇచ్చారు, ఒకరు బూట్లు ఇచ్చారు. అయితే తమ సరుకును ప్రచారం చేయమన్న కంపెనీలను మాత్రం అతను తిప్పి పంపాడు. అయినా నిధి ఆగలేదు. దేశంలో మనిషికి ఒక్క డాలరు చొప్పున రావాలన్న అతని కోరిక 1981 ఫిబ్రవరి నాటికే నెరవేరింది.

అంత దూరం ఎందుకు? అనంతపురంలో 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కథనే చూడండి. 2010లో టెన్నిస్ క్రీడాకారుడు రఫేల్ నాదల్ అక్కడ పేదపిల్లల కోసం టెన్నిస్ పాఠశాల ప్రారంభించినప్పుడు పత్రికలన్నీ రాశాయి. కాని ఆ ట్రస్టు బడులకు, ఆస్పత్రులకు స్పెయిన్‌లోని వేలాది సామాన్యులు తమ సంపాదనలోంచి డబ్బు పంపుతూ వచ్చారు. వారి పేర్లు ఈ జిల్లాలో ఎవరికి తెలుసు? పేరున్న దాత అవసరమే. కాని బరువు మోసేది పేరులేని దాతలే.

ఎవరి సొమ్ము?

పేరు కంటే పెద్ద ప్రశ్న, సొమ్ము ఎక్కడిదన్నది. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదాన్నే స్వీకరిస్తాడన్నది ప్రవక్త (స) బోధన. మన దేశంలో 1996 ప్రపంచ కప్ క్రికెట్ పోటీలు ఒక సిగరెట్టు పేరుతోనే జరిగాయి. 2003 నాటి చట్టం పొగాకు స్పాన్సర్‌షిప్పులను నిషేధించింది. భారత జట్టు చొక్కా మీద ఒక ఆన్‌లైన్ డబ్బు ఆటల సంస్థ పేరు ఉండేది. 2025 ఆగస్టులో పార్లమెంటు అటువంటి ఆటలను నిషేధించాక ఆ పేరు తొలగింది. చట్టం వచ్చేదాకా ఆగకుండానే, దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ హాషిం ఆమ్లా తన చొక్కా మీద సారా కంపెనీ గుర్తు వేసుకోనన్నాడు. అందువల్ల అతని పరుగులేమీ తగ్గలేదు! తాగుడు వల్ల కాలేయం చెడిన రోగి మందుల కోసం సారా వ్యాపారి డబ్బుతో పరుగు పెట్టడం ఎంతవరకు న్యాయం?

అలాగే బహుమతుల విషయం. మన ఊళ్ళలో క్రికెట్ పోటీలకు జట్ల నుంచి ప్రవేశరుసుం వసూలు చేసి, అదే మొత్తాన్ని గెలిచిన జట్టుకు ఇవ్వడం మామూలైపోయింది. పోటీదారులంతా తలా కొంత వేసి, గెలిచినవాడు అంతా పట్టుకుపోవడం జూదపు లక్షణమని ధర్మవేత్తలు హెచ్చరించారు. పోటీలో లేని మూడో వ్యక్తి బహుమతి ఇస్తే ఆ దోషం ఉండదు. స్పాన్సరు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. ఖర్చులూ బహుమతులూ స్పాన్సరువి, జనం ఇచ్చిన ప్రతి రూపాయీ రోగిది - ఈ గీత ముందే గీసుకోవాలి. జకాత్ సొమ్మును ఇందులో అసలు కలపరాదు. దానికి తౌబా సూరా 60వ వాక్యం ఎనిమిది పద్దులను నిర్ణయించింది. చొక్కాలు, షామియానాలు వాటిలో లేవు.

మూటలు మోసినవారు

దానం చేయమన్న ఆదేశం వచ్చినప్పుడు నిరుపేద సహచరులు బజారులో మూటలు మోసి, ఆ కూలి తెచ్చి ఇచ్చేవారు. హజ్రత్ అబూ అఖీల్ (రజి) అర సా ఖర్జూరాలు తెచ్చారు. కపటులు ఆ కొంచెం అల్లాహ్‌కు ఎందుకని వెక్కిరించారు. ఎక్కువ తెచ్చినవారిని చూసి, పేరు కోసం తెచ్చాడన్నారు. ఇద్దరి పక్షానా నిలిచి, ఆ కపటులను తౌబా సూరా 79వ వాక్యం ఖండించింది.

కాబట్టి బ్యానరు చూడగానే "వీడు పేరు కోసం చేస్తున్నాడు" అని తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. సంకల్పం తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. ఎవరి సంకల్పాన్ని వారే తడిమి చూసుకోవాలి. ఇక డబ్బు ఇవ్వలేని యువకుడు తెల్లవారుజామునే వచ్చి, రోడ్డు మలుపులో నిలబడి, వచ్చే వాహనాలను ఆపి, పరుగెత్తేవారికి నీళ్ళందించి, చివర్లో గ్లాసులన్నీ ఏరితే అది చిన్న పనా? దారిలోంచి బాధ కలిగించేదాన్ని తొలగించడం కూడా దానమేనని ప్రవక్త (స) చెప్పారు. అతని ఫోటో ఏ పత్రికలోనూ రాదు. బహుశా ఆ రోజు అందరికంటే పెద్ద స్పాన్సరు అతనే!

లెక్క అప్పజెప్పడం

వసూలైన సొమ్ము అమానతు. జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగివచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందన్నప్పుడు ప్రవక్త (స) మందలించారు. ఇంట్లో కూర్చుంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. నిర్వాహకులకు ఇంతకు మించిన పాఠం లేదు. ప్రతి పైసాకూ రసీదు ఇవ్వాలి. డబ్బు కనీసం ఇద్దరి చేతి మీదుగా ఖర్చు కావాలి. పరుగైపోయిన కొద్ది రోజుల్లోనే జమాఖర్చులు అందరికీ చెప్పాలి. దాతల పేర్లు దాచవచ్చు, లెక్కలు మాత్రం దాచకూడదు. అలాగే రోగి ఫోటోను ఫ్లెక్సీ మీద వేసి ఊరేగించవద్దు. ఇచ్చినదాన్ని ఎత్తిపొడిచి, పుచ్చుకున్నవారి మనసు నొప్పించడం దానాన్ని వమ్ము చేస్తుందని ఆ 264వ వాక్యమే హెచ్చరించింది. దాతకు పరదా ఐచ్ఛికం, రోగి గౌరవానికి అది తప్పనిసరి.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటా నిజమే, యువకుల మాటా నిజమే. పరుగు పెట్టండి, పిలుపు ఇవ్వండి, స్పాన్సర్లను అడగండి. ఒక్క ప్రశ్న మాత్రం ప్రతివారూ తమను తాము వేసుకోవాలి: రేపు ఆ బ్యానరు మీద నా పేరు చెరిపేస్తే, నేనింకా ఇస్తానా? ఇంకా వస్తానా? అవునంటే అది 265వ వాక్యం చెప్పిన మెట్ట మీది తోట. జడివానకు రెట్టింపు కాపు కాస్తుంది, తుంపర పడినా దానికి చాలు. కాదంటే, వాన రాకముందే మట్టిని సరిచూసుకోవాలి.

మన దానాలను, మన శ్రమను బండ మీది మట్టి కాకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.